తంగ్‌లంగ్ లా ఎక్కిన ఎలిజబెత్ సిస్టర్

నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా ఎలిజబెత్ సిస్టర్‌కు సైకిలు తొక్కడం రాదు. తెనాలి పక్క పల్లెలో అయిదుగురు ఆడపిల్లల్లో నాలుగోదిగా పుట్టింది. ఇంట్లో ఉన్న ఒక్క సైకిలూ నాన్నది. ఆదివారం చర్చికి వెళ్ళే ముందు దాన్ని తుడిచే పని ఆడపిల్లలది, తొక్కే పని నాన్నది. ఆ తరవాత గుంటూరులో నర్సింగు చదువు, పెళ్ళి. భర్త సైమన్‌కు మియాపూర్‌లో లెక్కల మాస్టారు ఉద్యోగం దొరకడంతో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి కాపురం మారింది. ఆమెకు గచ్చిబౌలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ వార్డులో ఉద్యోగం. ఎనిమిదేళ్ళుగా పొద్దున ఆరింటికి బస్సెక్కడం, సాయంత్రం నిలబడి రావడం, అంతే ఆమె ప్రయాణాలు.

2011 సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. వారం తిరక్కుండా ఆర్టీసీ వాళ్ళూ అందులో దిగారు. బస్సులన్నీ డిపోల్లో పడుకున్నాయి. మూడు రోజులు ఆసుపత్రి అంబులెన్సు వచ్చి ఎక్కించుకుంది. నాలుగో రోజు అదీ రాలేదు. ఆటోలు బందు. సైమన్‌కు స్కూటర్ లేదు. ఉన్న ఒక్కదాని మీంచి రెండుసార్లు పడి అమ్మేశాడు. ఎలిజబెత్ నడిచింది. పోవడానికి పదకొండు కిలోమీటర్లు, రావడానికి పదకొండు.

సాయంత్రం చెప్పులు చేత్తో పట్టుకుని గేటు తీస్తుంటే మెట్ల మీద నరేందర్ కూర్చుని ఉన్నాడు. కింది వాటాలో ఉంటాడు. గోపన్‌పల్లి మనిషి, ఆర్టీసీ కండక్టరు. పొద్దంతా డిపో ముందు సమ్మె శిబిరంలో నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏందక్కా, గచ్చిబౌలి నుంచి నడిసొస్తున్నవా?"

"మీ పుణ్యమే నరేందర్ గారూ. మీరు బస్సులాపేస్తే మేం ఎగిరి వెళ్ళాలా అండీ?"

"మా లొల్లి సర్కారుతోని. నీ పేషెంట్లతోని మాకేం లొల్లి లేదు."

"ఆ సంగతి పేషెంట్లకి తెలియాలి కదండీ. వాళ్ళ కిడ్నీలు ఎప్పుడో సమ్మెలో కూర్చున్నాయి. రోజు మార్చి రోజు నేను వెళ్ళి మిషను పెట్టకపోతే ఒంట్లో నీరు నిండిపోతుంది."

మర్నాడు తెల్లవారుతుండగా నరేందర్ తలుపు కొట్టాడు. మెట్ల కింద ఒక ఆడవాళ్ళ సైకిలు, ముందు బుట్టతో సహా నిలబెట్టి ఉంది. గోపన్‌పల్లిలో వాళ్ళ చెల్లెలిదట.

"నాకు తొక్కడం రాదండీ," అంది ఎలిజబెత్ సిగ్గుపడుతూ.

"రాకుంటే నేర్పిస్త. డ్యూటీ లేకపాయె, నాకిప్పుడు ఏం పనుంది?"

కాలనీ గ్రౌండులో అయిదు పొద్దులు నేర్పాడు. నరేందర్ వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవాడు. "ముందుకు చూడక్కా! చక్రం దిక్కు చూస్తే చక్రం కిందనే పడ్తవ్," అని అరిచేవాడు. ఎన్నిసార్లు పడిందో ఆమె లెక్కపెట్టుకోలేదు. మోకాలు చీరుకుపోతే అక్కడే కూర్చుని, బుట్టలోంచి దూది తీసి తనే కట్టు కట్టుకుని మళ్ళీ ఎక్కేది. బాల్కనీలోంచి సైమన్ ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి చూసేవాడు. అయిదో రోజు నరేందర్ సీటు ఎప్పుడు వదిలేశాడో ఆమెకు తెలియలేదు. గ్రౌండు చివర తిరిగి చూస్తే అతను అంత దూరాన నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు. తుడవడానికి తప్ప ముట్టుకోనివ్వని నాన్న సైకిలు ఒక్క క్షణం గుర్తొచ్చి, ఆమె బెల్లు మోగిస్తూ గ్రౌండంతా రెండు చుట్లు తిరిగింది.

అప్పటిదాకా నడిచిన మనిషి ఆ మర్నాటి నుంచీ సైకిలు మీదే డ్యూటీకి వెళ్ళింది. రైలు వంతెన దాటాక సైబర్ టవర్స్ దాకా రోడ్డు ఎత్తుగా పోతుంది. మొదట్లో అక్కడ దిగి తోసుకుంటూ పోయేది. పదో రోజు సగం దాకా ఎక్కింది. అక్టోబరు మధ్యలో బస్సులు తిరగడం మొదలైన నాటికి దిగకుండా పైదాకా ఎక్కేస్తోంది.

"ఇగ సైకిల్ ఇచ్చేస్తవా అక్కా?" అని నరేందర్ అడిగాడు.

"మీ చెల్లెల్ని అడగండి, నాకు అమ్ముతుందేమో," అంది ఎలిజబెత్. బస్సులో నిలబడి రావడం ఇక తన వల్ల కాదని ఆమెకు తెలిసిపోయింది.

ఆ మరుసటి ఏడు, వార్డుకు తల్లిని తీసుకొచ్చే కిరణ్ పాల్ అనే సాఫ్ట్‌వేర్ మనిషి ఆమెను గమనించాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆదివారం పొద్దున్నే పది పన్నెండు మంది జట్టుతో గండిపేట దాకా సైకిళ్ళ మీద వెళ్ళి వస్తుంటాడు. "సిస్టర్, ఒకసారి మాతో రండి," అని పిలిచాడు. తన పాత గేర్ల సైకిలు ఇచ్చాడు. గేర్లంటే ఏమిటో ఆమెకు కోకాపేట ఎత్తు మీద అర్థమయింది. వేలితో చిన్న మీట నొక్కగానే కాళ్ళ మీది బరువు సగానికి సగం దిగిపోయింది. "ఇన్నాళ్ళూ ఇది లేకుండా ఎక్కానా?" అని ఆమె బిగ్గరగా అనేసరికి ముందు పోతున్న కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

2013 మొదట్లో ఆ జట్టు మనాలి నుంచి లేహ్ దాకా సైకిళ్ళ మీద వెళ్ళాలని తీర్మానించుకుంది. దాదాపు అయిదు వందల కిలోమీటర్లు. దారిలో అయిదు పెద్ద కనుమలు దాటాలి. వాటిలో తంగ్‌లంగ్ లా అన్నిటికన్నా ఎత్తయినది. లా అంటే అక్కడి భాషలో కనుమే. అంత ఎత్తులో గాలి పలచబడుతుంది, తలనొప్పులూ వాంతులూ వస్తాయి. అందుకని కిరణ్ పాల్ ఎలిజబెత్ దగ్గరికొచ్చాడు.

"సామాన్ల వ్యానులో మీరు కూర్చుని రండి సిస్టర్. నర్సు వెంట ఉంటే మాకు ధైర్యం."

"వస్తాను. కాని వ్యానులో కాదు."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర సైమన్ అడిగాడు. "నలభై ఆరేళ్ళకి కొండలెక్కుతానంటావేంటి?"

"ఎప్పుడెక్కమంటారు, యాభై ఆరుకా?"

సైమన్ పెరుగు కలుపుకున్నాడు. "సరే. కాని దిగేటప్పుడు బ్రేకులు రెండూ పట్టుకో. నేను పడ్డ రెండుసార్లూ దిగేటప్పుడే," అన్నాడు.

నాలుగు నెలలు ప్రతి ఆదివారం వికారాబాద్ వెళ్ళి అనంతగిరి గుట్ట ఎక్కి దిగింది. ఒక రోజు ఎనిమిదిసార్లు ఎక్కింది. గుట్ట మీద కంకులు కాల్చి అమ్మే ఈశ్వరమ్మ ఆమెను చూసి, "ఏం పోగొట్టుకున్నవే తల్లీ, పొద్దటి సంది దేవులాడుతున్నవ్," అని అడిగిందట.

జులై మూడో వారంలో మనాలి నుంచి పదకొండు మంది బయలుదేరారు. రోహ్‌తంగ్ కనుమ బురదలో చక్రాలు సగం దాకా దిగబడ్డాయి; చాలాచోట్ల అందరూ మోసుకునే ఎక్కారు. ఎలిజబెత్ అందరి కన్నా చివర వచ్చింది, కాని వచ్చింది. రెండో పెద్ద కనుమ బారాలాచా లా దగ్గర మాత్రం దెబ్బ తింది. మధ్యాహ్నం రెండు దాటితే మంచు కరిగి వాగులు రోడ్డెక్కుతాయని, ఆ వేళకు పైకి చేరని వాళ్ళు వ్యానెక్కాలని కిరణ్ పాల్ ముందే నియమం పెట్టాడు. రెండింటికి ఆమె ఇంకా అయిదు కిలోమీటర్ల కింద ఉంది. గుండె గొంతులో కొట్టుకుంటోంది. కిరణ్ పాల్‌తో వ్యాను వెనక్కి వచ్చి పక్కన ఆగింది.

"కొంచెం టైమివ్వండి," అంది.

"నియమం అందరికీ ఒకటే సిస్టర్," అన్నాడతను మెల్లిగా.

ఆమె ఎక్కి కూర్చుంది. కిటికీలోంచి బారాలాచా లా దాటిపోతుంటే కళ్ళు మూసుకుంది. తన కాళ్ళతో దాటని కనుమను చూడబుద్ధి కాలేదు. గుడారాల దగ్గర దిగాక ఒక రాయి మీద కూర్చుని మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంది. రోజంతా ఏం చేసిందో అప్పుడు నిదానంగా ఆలోచించింది. పాతికేళ్ళ పిల్లల వెనక పడి పరిగెత్తింది. వాళ్ళు ఆగినప్పుడు ఆగింది, కదిలినప్పుడు కదిలింది. వార్డులో ఒక రోగికి పెట్టే వేగం ఇంకో రోగికి పెట్టదు. ఒక్కొక్కరి బరువు, బీపీ చూసి మిషను తిప్పుతుంది. మరి తన గుండెకు ఎవరి వేగమో ఎందుకు పెట్టింది?

మర్నాటి నుంచి లెక్క మార్చింది. మూడు వందలసార్లు తొక్కడం, దిగి ఒక నిమిషం నిలబడి నాడి చూసుకోవడం. నూట నలభై దాటితే ఇంకో నిమిషం. ఇరవై ఒక్క మలుపులు మెలికలు తిరిగే గాటా ఎత్తునూ, ఆ మీద రెండు కనుమలనూ అలాగే ఎక్కింది. రెండింటి మీదా గడువుకు ముందే చేరింది.

జులై ముప్పై, మంగళవారం. తంగ్‌లంగ్ లా కింద డేబ్రింగ్ అనే చోట గుడారాలు. పైకి ఇరవై కిలోమీటర్ల పైన ఎక్కుడే. ఆరింటికి, అందరూ టీలు తాగుతుండగానే ఎలిజబెత్ హెల్మెట్ పెట్టుకుంది.

"కాసేపు ఆగితే కలిసి పోదాం కదా," అన్నాడు కిరణ్ పాల్.

"నేను ఎవరి వెనకా రాను, ఎవరి ముందూ పోను బాబూ. నా లెక్కన నేను పోతాను."

ఎండ వచ్చాక పిల్లల్లో కొందరు ఒక్కొక్కరే ఆమెను దాటిపోయారు. తొమ్మిదింటికి మొదటి వాళ్ళు దాటారు. పదిన్నరకు వాళ్ళలో ఇద్దరు రోడ్డు పక్కన తల పట్టుకుని కూర్చుని కనిపించారు. నీళ్ళు తాగించి, ఊపిరి నిదానం చేయించి, వ్యాను వచ్చేదాకా కదలొద్దని చెప్పి ముందుకు పోయింది. పదకొండుకు మలుపు దగ్గర కిరణ్ పాల్ ఉన్నాడు. సైకిలు పడి ఉంది. ఆమె వేలికి తొడిగే చిన్న మిషను తీసి అతని ఆక్సిజన్ చూసింది. అరవై ఎనిమిది. పెదవులు నీలంగా ఉన్నాయి. పేరు అడిగితే రెండు క్షణాలు ఆలోచించి చెప్పాడు.

"మీరు వ్యానెక్కాలి. కిందికి పోవాలి, పైకి కాదు."

"ఇంకా ఆరు కిలోమీటర్లే సిస్టర్. రెండు కాలేదు కదా!"

"మీ నియమం గడియారానిది. నాది రక్తానిది. ఇది నర్సు మాట, ఎక్కండి."

అతను ఆమె ముఖం వంక చూసి తలవంచాడు. వెనక నుంచి వ్యాను రాగానే ఎక్కించి ఆక్సిజన్ పెట్టి, డ్రైవరుకు ఎంత కిందికి దించాలో చెప్పి, అతని వేలి మీద అంకె ఎనభై దాటేదాకా అక్కడే నిలబడింది. నలభై నిమిషాలు పోయాయి. మళ్ళీ సీటెక్కినప్పుడు కాళ్ళు చల్లబడి కొయ్యల్లా ఉన్నాయి.

చివరి రెండు కిలోమీటర్లలో చిన్న వడగళ్ళు పడ్డాయి. మూడు వందలు కాస్తా నూటయాభై అయింది, తరవాత ఎనభై అయింది. ఎనభై తొక్కుళ్ళు, ఒక నిమిషం. ఇంకో ఎనభై, ఇంకో నిమిషం. మలుపు తిరిగితే ఇంకో మలుపు. ఉన్నట్టుండి ముందు కొండ లేకుండా పోయింది. రంగు రంగుల జెండాల తోరణాలు గాలికి పటపటలాడుతున్నాయి. పసుపు రాతి పలక మీద పదిహేడు వేల అయిదు వందల ఎనభై రెండు అడుగులని రాసి ఉంది. రెండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

పదకొండు మందిలో ఆమె అయిదోది. ముందే చేరిన నలుగురు కుర్రాళ్ళు లేచి ఈలలేశారు. ఎలిజబెత్ సైకిలును పలకకు ఆనించి, రెండు చేతులూ పైకెత్తి, ఆకాశం కేసి "హల్లెలూయా!" అని కేకేసింది. చర్చిలో ఎప్పుడూ మెల్లిగా అనే మాట అది. ఆ ఎత్తున ఊపిరి చాలక సగంలో దగ్గు వచ్చింది. దగ్గుతూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆ తరవాత దిగుడంతా రెండు బ్రేకులూ పట్టుకునే దిగింది.

మర్నాటి సాయంత్రం లేహ్ చేరారు. కిరణ్ పాల్ కోలుకున్నాడు. ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచేయవు గనక బజారులో ఫోను బూత్ వెతుక్కుని ఇంటికి చేసింది. సైమన్ ఎత్తాడు. వెనకాల డప్పులు, కేకలు.

"ఎక్కేశానండీ!" అని ఆమె అరిచింది.

"ఏంటీ? వినబడట్లేదు! ఇక్కడ తెలంగాణ ఇచ్చేశారు, నిన్న రాత్రి ఢిల్లీలో చెప్పారు. వీధంతా డాన్సులు! ఉండు, నరేందర్ లాక్కుంటున్నాడు."

"అక్కా! వచ్చిందక్కా, తెలంగాణ వచ్చింది!" నరేందర్ గొంతు సమ్మె రోజుల్లో కన్నా బొంగురుగా ఉంది.

"నేనూ వచ్చేశాను నరేందర్ గారూ! పదిహేడు వేల అడుగులు. తోసుకోకుండా తొక్కే ఎక్కాను."

"నిజమా! సైకిల్ మీదనా? నేను నేర్పిన సైకిలేనా?"

"సైకిలు వేరండీ. తొక్కుడు మీరు నేర్పిందే."

అతను వెనక్కి తిరిగి ఎవరికో చెప్పడం, వాళ్ళు "జై తెలంగాణ" కేకల మధ్య ఆమె పేరు కూడా కలిపి అరవడం వినబడింది. నవ్వు తగ్గాక ఎలిజబెత్ కాస్త ఆగి, మనసులో ఉన్నది అడిగేసింది. "మరి మమ్మల్ని పొమ్మంటారా అండీ?"

"ఎవరక్కా పొమ్మనేటోళ్ళు? ఎవడన్న అంటే నాకు చెప్పు. మాది మేం అడిగినం, మీది ఎవడు గుంజుకుంటడు? జల్ది రా. నా చెల్లె నిన్ను చూస్తనంటున్నది."

అన్ని భయాలూ ఆ ఒక్క మాటతో తీరిపోలేదు. సైమన్ ఆ తరవాత కూడా చాలా రోజులు పేపరు దిగులుగానే చదివాడు. కాని ఆ సాయంత్రం లేహ్ బజారులో ఆమె అందరికీ జిలేబీ కొనిపెట్టింది. ఎందుకని అడిగితే, "రెండు గెలుపులండీ, రెండూ ఒకే రోజు," అంది.

ఆగస్టులో మళ్ళీ వార్డుకు వెళ్ళింది. డయాలసిస్ మిషను మీద నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. మొదటి రోజు కిరణ్ పాల్ తల్లి అడగడంతో కథ మొదలయింది. మూడు రోజుల బ్యాచీలకూ చెప్పాల్సి వచ్చింది. సూదులు గుచ్చుతూ రోహ్‌తంగ్ బురద చెప్పింది. బీపీలు చూస్తూ గాటా మలుపులు చెప్పింది. బారాలాచా లా దగ్గర వ్యానెక్కిన సంగతి కూడా దాచలేదు. శనివారం బ్యాచీలో భాగ్యమ్మ అనే పెద్దావిడ ఉంది. కంటి చూపు మందగించింది, మంచం దిగితే ఇల్లు, ఇల్లు దిగితే ఆసుపత్రి తప్ప నాలుగేళ్ళుగా ఎక్కడికీ పోలేదు. వడగళ్ళు పడే చోటికొచ్చేసరికి ఆమె ఖాళీగా ఉన్న చేత్తో ఎలిజబెత్ కొంగు పట్టుకుంది.

"ఇంకెంత దూరముంది బిడ్డా పైకి?"

"ఒక కిలోమీటరే ఉందమ్మా."

"జర నిమ్మళంగ తొక్కు మరి," అంది భాగ్యమ్మ, తనూ వెనక కూర్చుని వస్తున్నట్టు.