సంచిలో ట్రౌట్

“ఆ సంచి నాకిచ్చెయ్యండి ఆంటీ. నాకు లైసెన్సుంది.”

“మరి నీ వీసాకేమన్నా అయితేనో తల్లీ?”

ఆమె నవ్వి, నా చేపతో సహా బస్సు దిగిపోయింది. తన పేరైనా నేనడగలేదు.

కొల్లేటి ఒడ్డున పుట్టినదాన్ని. ఈ పరాయి దేశంలో అద్దంలాంటి సరస్సులో ట్రౌట్ చేప కనబడితే చెయ్యి ఊరుకుంటుందా? పోయిన మీ నాన్న చేతిగాలం విసిరి లాగేశాను. ఈ దేశంలో చేప పట్టాలంటే కాగితం ఉండాలని బస్సులో నా పక్కన గాలం కర్రతో కూర్చున్న ఆ తెలుగమ్మాయే చెప్పింది. నా తప్పుకి, ఇక్కడ ఉండనిచ్చే నీ రెసిడెన్సీ పోతుందేమోనని, డ్రైవరు అద్దంలోకి చూసినప్పుడల్లా సంచిని కొంగుతో కప్పాను.

ఇప్పటికీ ఎవరైనా తలుపు కొడితే ఆ చేప సంగతికేనేమోనని ముందు కిటికీలోంచి చూస్తాను. నీకిన్నాళ్ళూ చెప్పలేదు.

కలం ఆపావేమే, అమ్మాయీ? అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తానని నువ్వేగా కూర్చున్నావు. రాసినంతవరకు చదివి వినిపించు.