ఖాళీ ట్యాంకు సాక్ష్యం

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు టెక్కలిలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ నిరంజన్ గారు ముఖానికి సబ్బు రాసుకున్నారు. కుళాయి తిప్పారు. గాలి వచ్చింది. కళ్లు మూసుకునే తడుముకుంటూ క్లాసు గదిలోకి వెళ్లి, చేతికందిన గుడ్డతో తుడుచుకున్నారు. అది బ్లాక్ బోర్డు తుడిచే గుడ్డ. సబ్బు పోయింది, సుద్ద అంటింది.

మేడ మీద ట్యాంకు ఖాళీ. పెరట్లో మొక్కల కుళాయి బార్లా తెరిచి ఉంది. ప్రిన్సిపాల్ గారు ఒకప్పటి ఫిజిక్సు మాస్టారు, వెంటనే లెక్క తేల్చేశారు.

"నిండు ట్యాంకు రెండు గంటల్లో ఖాళీ. నిన్న సాయంత్రం నింపి, తాళం వేసింది పోలయ్య. ఇంకేటి రుజువు?"

అటెండరు పోలయ్యది పదకొండేళ్ల ఉద్యోగం. మానిపించే కాగితం టైపు అవుతుంటే గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "కట్టేసినాను బాబూ, అమ్మతోడు."

పక్క గదిలో ఉన్న లెక్కల లెక్చరర్ ప్రమోదిని ఆ మాట విని లేచి వచ్చింది. కంచిలి కొబ్బరి తోటల పిల్ల. పదిహేడేళ్లుగా అవకలన సమీకరణాలు చెబుతోంది. ఏ లెక్క మొదలెట్టినా ముందు బోర్డు మీద రెండు ప్రశ్నలు రాస్తుంది: జవాబు ఉందా? ఉంటే ఒక్కటేనా? పెళ్లిచూపుల్లో వరుణ్ణి కూడా ఈ రెండోదే అడిగిందని పిల్లలు కథ పుట్టించారు. ఆమె ఖండించలేదు.

"రెండు గంటలే సార్. కానీ ఏ రెండు గంటలు?"

"అంటే ఏటమ్మా?"

"సగం నీళ్లుంటే కుళాయి ఎప్పుడు తిప్పారో వెనక్కి లెక్క కట్టొచ్చు. ఒక్కటే జవాబు. అడుగంటాక, రాత్రి ఎండినా, ఇప్పుడే ఎండినా ట్యాంకు ఒకేలాగుంటాది. అక్కడ జవాబులు బోలెడు."

"పొద్దున్న ఎవలొచ్చినారు మరి?"

ప్రమోదిని ఒకడుగు ముందుకేసింది. ఆ ప్రశ్న వస్తుందని తెలిసే లేచింది.

"ఏడింటికి స్పెషల్ క్లాసని గేటు తీసింది నేనే సార్. ఆ కుళాయి దగ్గరకి నలభై మంది ఎల్లుంటారు. నాతో కలిపి."

పోలయ్య ఆమె వైపు చూడలేక నేల చూశాడు. పోలయ్యతో కలిపి నలభై ఒక్క కాగితాలు టైపు చేయించడం ప్రిన్సిపాల్ గారికీ కుదరలేదు. చేతిలో ఉన్న ఒక్కటీ చించేశారు. చించాక ఉక్రోషం వచ్చింది.

"పదిహేడేళ్లు లెక్కలు సెప్పి, ఎవలు తిప్పినారో తెలీదని తేల్చినావేటమ్మా!"

"అడుగున బెత్తెడు నీళ్లు మిగిలుంటే సెప్పీదాన్ని సార్."