ఒక్కడూ చావని యుద్ధం

మా బాబాయి చేసిన యుద్ధాల్లో ఇంతవరకు ఒక్కడూ చావలేదు.

వృత్తి గడియారాల రిపేరు. దుకాణం మూసి ఇంటికొస్తే, నలభై ఏళ్ల నాటి మిలిటరీ మోడల్ కిట్లు ముందేసుకుని, ముక్కలు అతికించి బొమ్మ ట్యాంకులు, సైనికులు చేస్తూ కూర్చునేవాడు. అట్టపెట్టె ఎంత పాతబడితే అంత మురిపెం. ట్యాంకుకు తుప్పు రంగు వేసి, చక్రాలకు బురద పూసి, ఇప్పుడే ఏరు దాటి వచ్చిందనిపించేవాడు. తీరా చూస్తే దాని ఫిరంగి మీద ఒకడు బనియను ఆరేస్తుంటాడు. పక్కన ఇంకొకడు గోళ్లు తీసుకుంటుంటాడు.

"భోజనాల బల్లంతా మీ సైన్యమే! కనీసం కొట్టుకుని చావరాదూ, కాస్త చోటు మిగులుతుంది!" అనేది పిన్ని.

"నా సైన్యంలో ఆ పప్పులుడకవు."

ఒకసారి మోడళ్ల పోటీకి ఆయన వెంట వెళ్లాను. జడ్జి కళ్లద్దాలు సవరించుకుని బాబాయి మోడల్ మీదికి వంగి చూశాడు.

"పనితనానికి వంక లేదండీ. యుద్ధం ఏదీ? ఒక్కణ్ణి పడేసి కాస్త ఎర్రరంగు పూయండి, మొదటి బహుమతి మీదే."

"పడుకునే ఉన్నాడుగా ఒకడు."

"వాడు నిద్రపోతున్నాడు!"

"మూడు రోజులకు దొరికిన నిద్ర. లేపారంటే ఊరుకోను."

"అయితే యుద్ధ విభాగంలో ఇది చెల్లదు. తీసేయండి."

బాబాయి కుర్చీ లాక్కుని బల్లకు అడ్డంగా కూర్చున్నాడు. "ఎత్తితే నాతో సహా ఎత్తండి."

"బాబాయ్, పరువు పోతుంది," అన్నాను చెవిలో.

"పోనీరా. మనిషి పోకూడదు."

అంతలో కూతురి చెయ్యి పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. ఒకప్పుడు సైన్యంలో ట్రక్కు నడిపినవాడు, బాబాయి దుకాణానికి వచ్చేవాడు. బల్ల మీద ట్రక్కు పక్కన ఇద్దరు సైనికులున్నారు. చాటంత చెవులవాడు రెండోవాడికి టీ పోస్తున్నాడు.

"వీడు మావాడే! ఆ చెవులు చూడవే!" అన్నాడాయన కూతురితో.

ఆవిడ నాతో మెల్లగా అంది: "ఆ చెవులాయన నాన్న స్నేహితుడు, యుద్ధం నుంచి తిరిగి రాలేదు. ఆ సంగతి ఇంట్లో మాకెవరికీ నాన్న చెప్పుకోలేదు. మీ బాబాయిగారే వాచీ బాగుచేస్తూ, ఆయన పోయేముందు రోజు ఇద్దరూ ఏం చేశారో అడిగి అడిగి రాసుకున్నారు. ఆ బనియనువాడు, నిద్రపోయేవాడు కూడా ఇలా తిరిగిరానివాళ్లేనట."

ముసలాయన ఇంకా బల్ల మీదికి వంగి చూస్తూనే ఉన్నాడు.

"అంతా బాగుంది గానీ, వీడు జన్మలో నాకు టీ పోయలేదండీ! ఒట్టి బద్ధకస్తుడు. పోసింది నేను!"

"అయ్యయ్యో, ఇప్పుడే మారుస్తాను," అంటూ బాబాయి జేబులోంచి పట్టకారు తీశాడు.

"పోటీ జరుగుతుండగా మోడల్ ముట్టుకోకూడదండీ!" అని అరిచాడు జడ్జి.

"అయితే మీరు కాసేపు అటు చూడండి."

జడ్జి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నిజంగానే అటు తిరిగాడు.