ఎండకు ఎక్కిళ్ళు పెట్టిన మోటరు, మా ఉస్తాద్

షాబాద్ కాడ లారీల బండలు నింపిస్తుంటె, మా ఉస్తాద్ పోయిండన్న మాట నా చెవిన పడ్డది. చెప్పినాయన చేవెళ్ళ దిక్కు నుంచి వచ్చిన రైతు. ఎడ్లబండి ఆపి, తలరుమాలు తీసి మొఖం తుడుచుకుంట, "రోడ్డు మీది మోటర్ల షెడ్డు పెద్దాయన లేడు గద. పొద్దుగాల లేపితె లేవలేదట" అని మెల్లగ చెప్పిండు. ఆయన నాకు ఏమైతడో ఆ రైతుకు తెల్వదు. కూలోళ్ళు ఇంకో బండ ఎత్తుతున్నరు. "జర ఆగుండ్రి" అన్న. ఆ బూడిదరంగు బండల మీద ఎండ పడి కండ్లు చెదురుతున్నయి. ఆ వెలుగుల ఆయన చేతులు తుడుచుకుంట నా దిక్కు నడిచి వస్తున్నట్టె చానాసేపు కనవడ్డది.

చేవెళ్ళ తొవ్వల పోయినోళ్ళు మీలో ఎవరన్న ఉంటె ఆయన్ని చూసే ఉంటరు. రేకుల షెడ్డు, ముందల నులక మంచం, దాని మీద సాసర్ల చాయ్ పోసుకొని ఊదుకుంట ఒక పొడుగు మనిషి. ఏ మోటరు వచ్చినా ముందుగాల బానెట్టు మీద అరచెయ్యి తిప్పి ఎనకదిక్కు ఆనిచ్చేటోడు, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. ఆదివారం చర్చి గుడిల ప్రార్థన అయ్యేదాక పానా ముట్టకపోయేటోడు. ఎంత పెద్దమనిషి వచ్చినా వదినె, అంటె ఆయన భార్య, మంచినీళ్ళిచ్చి కూసోవెట్టేది. గుడినుంచి తెల్ల అంగీల వచ్చి, ఆ అంగీ మడతవెట్టి, అప్పుడు పనిల దిగేటోడు.

నేను ఆయన్ని ఎరిగింది తెల్లోళ్ళ పెద్ద యుద్ధం రాకముందు. మొయినాబాద్ల ఒక జాగీర్దారు కాడ డ్రైవరుగ ఉంటి. మా దొరకు మోకాళ్ళ నొప్పులు. అయినా బొంబాయి నుంచి రెండు సీట్ల ఎర్ర మోటరు తెప్పిచ్చుకున్నడు. తను నడపలేడు, నేను నడుపుతుంటె చూస్తడు. అదే ఆయన సంతోషం. ఎండకాలం ఊరవతల మైదానంల గుండ్రంగ బాట చదును చేసి, పట్నం నుంచి వచ్చిన షోకిలాలు మోటర్ల పందెం పెట్టేటోళ్ళు. కనకమామిడి నుంచి, సురంగల్ నుంచి జనం బండ్లు కట్టుకొని వచ్చి తాళ్ళ అవతల నిలవడేది. ఎర్రమట్టి లేచి పొద్దంత గులాల్ లెక్క గాలిల నిలిచేది. ఆ దుమ్ముల పోతుంటె నేల మీద పోతున్ననో నీళ్ళ మీద పోతున్ననో తెలిసేది కాదు. దూరంగ బాట మీద నీళ్ళు మెరిసేవి, దగ్గరికి పోతె ఉండకపోయేవి.

ఆ మోటరుకు ఒక రోగం వట్టింది. పొద్దుగాల వెన్న లెక్క నడిచేది. ఎండ ముదిరి నాలుగు చుట్లు తిరిగినంక ఇంజను ఎక్కిళ్ళు పెట్టేది. ఆగుతదా అనుకునే లోపల మల్ల అందుకునేది. పట్నంల చూపిచ్చినం. వాళ్ళు చల్లటి పూట చూసిన్రు, వాళ్ళ ముందల అది ఒక్కసారి గూడ దగ్గలేదు.

ఒకనాడు మలుపు కాడ ఇంజను కూలవడ్డది. నేను స్టీరింగు తిప్పి ఉన్న. అంతల ఒక్కసారే గుంజుకొని లేచింది. మోటరు అడ్డంవడి తాడు తెంపుకొని జనంల కొచ్చింది. ఒక తల్లి సంకల బిడ్డతోని ఎనకకు పడ్డది. దేవుని దయ, ఎవరికీ ఏం కాలే. ఆ సాయంత్రం దొర కోపం చెయ్యలేదు. "ఇట్ల ఇంకోసారైతె నేను చూడలేను బిడ్డా. బాగైతె ఉంచుకుందాం, లేకుంటె మోటరూ వద్దు, పందెమూ వద్దు" అన్నడు. మోటరు లేకుంటె నాకు పనీ లేదు.

అట్ల చేవెళ్ళ షెడ్డుకు తీసుకపోయిన. ఉస్తాద్ చెయ్యి ఆనిచ్చి చూసి, మంచం మీద జాగ ఇచ్చి అడిగిండు.

"ఎప్పుడు ఆగుతది అని నేను అడుగుతలేను. ఆగే ముందు ఏమైతదో చెప్పు."

"చెప్పరాదు ఉస్తాద్. ఆగుతది, అంతే."

"చెప్పరాకుంటె మల్ల పోయి విను. ఫికర్ వద్దు, నేను ఈడనే ఉంట."

ముందుగాల ప్లగ్గులు మార్చిండు. ఎండల తిప్పినం, అదే కథ. కార్బ్యురేటరు విప్పి కడిగిండు. అదే కథ. కాయిలు మార్చిండు. అప్పుడూ అంతే. ప్రతిసారి షెడ్డుకు వచ్చి, "నేను అనుకున్నది కాదు" అని వదినెకు గూడ వినవడేటట్టు చెప్పేటోడు. మంచిగ చెప్పేటోడు, పెండ్లి పిలుపు చెప్పినట్టు. ఇగ ఒకరోజు నన్ను పక్కకు జరగమన్నడు. "పెట్రోలు తొక్కే నీ కాలు మీద గూడ నాకు అనుమానమే. నేను నడిపి చూస్త." మైదానంల ఆయన నడిపితె గూడ అదే కాడ ఎక్కిళ్ళు పెట్టింది. "మంచిదే, నీ కాలి తప్పు లేదు" అని నవ్విండు. నాకు ఆ మాటతోని ఎంత బరువు దిగిందో.

విని విని చివరికి నాకు చెప్పవచ్చింది. "ఉస్తాద్, ఆగే ముందు ఇంజను చప్పుడు పలచనైతది. కుండల నీళ్ళు ఒడిసి ముంత అడుగు గీకినట్టు."

ఆయన చాయ్ సాసర్ కింద పెట్టిండు. "టాంకుల పెట్రోలు ఉన్నదా?"

"నిండ ఉన్నది."

"కుండ నిండ ఉన్నది, ముంతల లేదు. అయితె నడుమ తొవ్వల ఏమో అయితున్నది."

ఇంజను పక్కన పెట్రోలు వచ్చే పైపుకు ఒక గాజు గిన్నె ఉంటది, పిడికిలంత. చెత్త అండ్ల ఆగాలని పెడుతరు. మోటరు ఉరుకుతుంటె ఆ గిన్నెల ఏమైతదో చూడాలె అన్నడు. అంటె బానెట్టు ఒక దిక్కు తీసి, సీట్ల నుంచి అద్దం అవతలికి వంగి ఉండాలె. వదినె ఆనాడు మైదానానికి వచ్చింది.

"ఈ వయసుల నీకిది అవసరమా?"

"మోటరు జనంల కొచ్చింది గదనే. పిల్లలు నిలవడే జాగ అది."

ఆమె మోటరుల దుప్పటి తీసి ఆయన నడుముకు, సీటుకు కలిపి గట్టిగ ముడేసింది. ముడి రెండుసార్లు గుంజి చూసింది. నా దిక్కు చూసి "మెల్లగ తిప్పు తమ్మీ మలుపు కాడ" అన్నది.

ఆ చుట్లు నాకు ఇప్పటికీ కలల వస్తయి. పైన ఎండ, ఎర్ర దుమ్ము, అద్దం అవతల ఆయన తల. నెరిసిన ఎంటికలు గాలికి లేస్తున్నయి. ఎవరూ లేని మైదానం. దూరంగ ఆమె ఒక్కతి కొంగు తలమీద కప్పుకొని నిలవడ్డది. ప్రతి చుట్టుకు ఆమె పెద్దగ అయి, మల్ల చిన్నగ అయితున్నది. అంతల ఇంజను చప్పుడు పలచనైంది. ఆయన చెయ్యి ఎత్తిండు. ఆపిన.

"రా, చూడు" అన్నడు. దుప్పటి ముడి విప్పుకోలేదు ఇంకా.

గాజు గిన్నెల పెట్రోలు మరుగుతున్నది. అన్నం ఎసరు లెక్క చిన్న చిన్న బుడగలు కింది నుంచి పుట్టి పైకి పోతున్నయి. ఎంత సక్కగ ఉన్నదో, అంత హాని చేసే పని. పెట్రోలు పైపు పొగగొట్టం పక్కనుంచే పోతున్నది. చల్లటి పూట ఏం కాదు. ఎండకు, పొగగొట్టం సెగకు పైపుల పెట్రోలే ఆవిరయితున్నది. "ఇంజను పెట్రోలు అడుగుతున్నది, మనం ఆవిరి తాపుతున్నం" అన్నడు. గోనెముక్క తడిపి పైపుకు చుట్టిండు. ఇంజను అందుకున్నది. నేను గంతులేస్తుంటె ఆయన గోనె తీసేసిండు.

"అయ్యో, ఎందుకు ఉస్తాద్?"

"ఒకసారి బాగైతె నమ్మొద్దు. మల్ల ఖరాబు చేసి, మల్ల బాగు చెయ్యాలె. అప్పుడు దొరికినట్టు."

మల్ల తిప్పినం, మల్ల ఎక్కిళ్ళు. మల్ల తడిగోనె, మల్ల బాగు. అప్పుడు గాని ఆయన వదినె దిక్కు తిరిగి చెయ్యి ఊపలే. తర్వాత పైపును పొగగొట్టానికి దూరంగ ఇంకో దిక్కు నుంచి తిప్పి, నడుమ రేకు అడ్డం పెట్టిండు.

ఆ ఎండకాలం చివరి పందెంల మోటరు ఒక్కసారి గూడ తడబడలే. మాకు ముందల ఒక మోటరు పోయింది, మేము రెండో జాగల వచ్చినం. దొర షామియానా కింద లేచి నిలవడ్డడు, ఆ మోకాళ్ళతోనే. ఉస్తాద్‌ను తన పక్కకు పిలిపిచ్చుకుందామని మనిషిని పంపితె, ఆయన తాళ్ళ అవతల జనంల, కండ్లు మూసుకొని ఇంజను చప్పుడు వినుకుంట నిలవడి ఉన్నడట. "చుట్టు అయినంక వస్త" అన్నడట.

యుద్ధం వచ్చినంక పెట్రోలు కరువైంది. ఎర్ర మోటరు టార్పాలిన్ కిందికి పోయింది. ఉస్తాద్ బస్సుల ఎనక పెట్రోలుకు బదులు బొగ్గుగ్యాసు డ్రమ్ములు బిగిచ్చుకుంట, మొఖమంత నల్లగ చేసుకొని నవ్వేటోడు. దొర పోయినంక నన్ను లారీ మీద ఎక్కిచ్చింది గూడ ఆయనే. "పెద్దబండి, నీ మాట జర ఆలస్యంగ వింటది. ముందుగాలనే చెప్పాలె దానికి" అన్నడు. ఇప్పటికీ దిగుడు వచ్చినకాడ నేను ముందుగాలనే బ్రేకు తొక్కి చెప్త.

పోయిన ఎండకాలం ఆయాసం ఎక్కువైతె నేనే దవాఖానకు తీసుకపోయిన. డాక్టరు అడిగింది, "ఎప్పుడు వస్తది తాతా?" ఆయన సోచాయించి చెప్పిండు: ఎండల నడిస్తె వస్తది, నీడల కూసుంటె పోతది, వచ్చే ముందు ఎడమ చెయ్యి బరువైతది. ఆమె కలం ఆపి ఆయన్ని చూసింది. "ఇంత సక్కగ ఎవరూ చెప్పరు" అన్నది. బయటికి వచ్చినంక నా భుజం పట్టుకొని నడిచిండు. "మందిచ్చింది, మంచిగనే చూసింది. గాని పాత ఇంజను గదరా" అన్నడు. ఆయనే ఒక చెట్టు నీడ చూసి, "కూసుందాం, తొందరేమున్నది" అన్నడు. కూసున్నం. గాలి వస్తుండె.

ఆయన్ని గుడి ఎనక మట్టిలకు తీసుకపోయిన రోజు, రోడ్డు దాటాలె. మేము మోసుకుంట రోడ్డు అంచుకు వచ్చేసరికి ఒక బస్సు ఆగింది. దాని డ్రైవరు ఇంజను గూడ ఆపిండు. దాని ఎనక ఇంకోటి, ఇవతలి దిక్కు ఒక లారీ, అన్నీ ఆగినయి, అన్నీ చప్పుడు చేసుడు మానినయి. ఎవరూ ఎవరికీ చెప్పలే. ఆ రోడ్డు అంత నిశ్శబ్దంగ ఉండంగ నేను ఎన్నడూ వినలే. జొన్నచేన్ల ఆకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు వినవడ్డది. వదినె మా ఎనక చెప్పుల్లేని కాళ్ళతోని నడుస్తుంటె ఆ అడుగులు వినవడ్డయి. మేము అవతలి గట్టు ఎక్కి చానాదూరం పోయినంక ఎనకకు తిరిగి చూసిన. తొవ్వ ఖాళీగనే ఉన్నది. డ్రైవర్లు స్టీరింగుల మీద చేతులు పెట్టుకొని కూసున్నరు. ముందుగాల ఇంజను ఎవరు లేపాలెనో వాళ్ళకు తోస్తలేదు.