రెండో గేరు, రెడ్డెమ్మ నిమ్మకాయ

2022 నాటి మాట. చిత్తూరు బైపాస్ పక్కన నా గ్యారేజీ. శ్రీసిటీలో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు పనిచేసి, షిఫ్టులతో విసిగి, సొంత ఊళ్ళో షెడ్డు వేసుకున్నాను. కార్లకు మార్పులు బాగా చేస్తానని పేరు పడింది. పేరు పడ్డాక వచ్చే గిరాకీ ఎలా ఉంటుందంటే, ఎక్కువ మందికి కావలసింది శబ్దం. సైలెన్సర్ మార్చి ఊరంతా వినపడేలా చేయమంటారు. మిగిలినవాళ్ళకు కారు నేలకు ఆనినట్టు కనబడాలి. బ్రేకులు చూపించుకుందామని వచ్చేవాడు అరుదు. నాకు నోరు కాస్త దురుసు. "ముందు టైర్లు మార్చుకో, జనం చెవులకు తర్వాత చిల్లులు పొడుద్దువు" అని చాలామందిని వెనక్కి పంపాను.

మామిడి సీజన్ ముగిసి ఫ్యాక్టరీలు చల్లబడ్డాక, ఒక పొద్దున ఎర్రటి స్పోర్ట్స్ కారు నా గేటు దగ్గర ఎత్తు ఎక్కలేక అడుగుభాగం గీరుకుంటూ లోపలికి వచ్చింది. రెండే సీట్లు. ఏ కుర్రాడో దిగుతాడనుకున్నాను. నేత చీర కట్టుకున్న నలభై ఏళ్ళావిడ దిగింది. పేరు హేమలత. బంగారుపాళ్యంలో ఆమె, భర్త మునిరత్నం కలిసి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడుపుతున్నారు.

"అన్నా, దీనికి రెండో గేరు పడదు," అంది.

నేను ఎక్కి బైపాస్ మీద ఒక చుట్టు తిప్పుకొచ్చాను. గేరు ఎక్కడా మొరాయించలేదు.

"బాగానే పడతా ఉండాది కదమ్మా."

"నీకు పడతాది. నాకు పడదు. ఆ సంగతే సూడాల."

సంగతేమిటో పక్కన కూర్చుంటే గాని తెలియలేదు. మన కార్లలో గేరు కడ్డీ ఎడమ చేతి వైపు ఉంటుంది. మూడో గేరు నుంచి రెండుకు రావాలంటే కడ్డీని మధ్యకు తెచ్చి, ఎడమకు నెట్టి, ఆ తర్వాత వెనక్కి లాగాలి. అలా నెట్టాలంటే అరచేయి బయటివైపుకు తిరగాలి. ఆమె ఎడమ మణికట్టు అంతదూరం తిరగడం లేదు. పిడికిలితో పట్టుకుని లాగితే కడ్డీ నేరుగా వెనక్కి వచ్చి నాలుగులో పడుతోంది. దిగుడులో నాలుగో గేరు పడితే ఇంజను బండిని పట్టి ఆపదు. బండి ఉరుకుతుంది. ఆమె కంగారుపడి బ్రేకు తొక్కుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళ తల డాష్‌బోర్డు దాకా వెళ్ళి వస్తుంది. నాది వెళ్ళింది.

"చేతికేమైందమ్మా?"

"మా ఆవరణలో మామిడి తొక్కు మీద స్కూటరు జారి పడినాను. మణికట్టు ఎముక విరిగింది. పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నా. వాళ్ళు బాగానే కట్టినారు. కదిలించొద్దు, మేం చెప్పిందాకా విప్పొద్దు అని మరీ మరీ చెప్పినారు. సీజను నడమ. తోతాపురి లారీలు గేటు బయట నిలబడి ఉండాయి. కాయ దించుకోకపోతే కుళ్ళిపోతాది. నేనే విప్పేసినా."

మా వైపు సీజన్ అంటే అంతే. పెళ్ళిళ్ళు, జ్వరాలు, విరిగిన ఎముకలు అన్నీ కాయ అయిపోయేదాకా ఆగాలి. ఎముక మాత్రం ఆగకుండా వంకరగా అతుక్కుంది.

ఆటోమేటిక్ కారు కొనుక్కోవచ్చు కదా అని అడిగాను. ఆ మాట అప్పటికే చాలామంది అన్నట్టున్నారు. నా వైపు చూసిన చూపులోనే తెలిసింది.

"మా నాయన నాకు పావడా వేసుకునే వయసులో తోటలో ట్రాక్టరు నేర్పినాడు. అప్పట్నుంచీ గేరు నా చేత్తో వేసుకోవడమే నాకిష్టం. ఇంట్లో అందరికీ అన్నీ సూసినా. నాకోసమని అడిగి కొనుక్కున్నది ఇదొక్కటే. దీన్ని వదిలేది లేదు."

అసలు చిక్కు తర్వాత చెప్పింది. ఒకసారి అత్త రెడ్డెమ్మను ఎక్కించుకుని మొగిలి ఘాట్ దిగింది. రెడ్డెమ్మకు వంకర దారులు పడవు. తిరుమల బస్సెక్కితే ఒక చేతిలో నిమ్మకాయ, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు ఉండాలి. ఈ కారులో కవరు తీసేంత వ్యవధి కూడా దొరకలేదట. అప్పటినుంచి మునిరత్నం బెంగళూరులో కొనేవాళ్ళను వెతుకుతున్నాడు. గొడవ పెద్దదై, చివరికి ఒక మాట మీద నిలిచింది. కార్తీకంలో రెడ్డెమ్మ కొండకు పోవాలి. హేమలత ఆమెను ఈ కారులోనే తీసుకుపోయి తీసుకురావాలి. దారిలో వాంతి కాకపోతే కారు ఇంట్లో ఉంటుంది. వాంతి అయితే బెంగళూరు పోతుంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. "నవ్వుకో అన్నా. పని మాత్రం చెయ్యి," అంది.

ముందు కారును బాగు చేయాల్సి వచ్చింది. అది ఆమె సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పాత యజమాని కారు కిందికి కనబడాలని స్ప్రింగులు కోయించాడు. కోసిన స్ప్రింగు మీద బండి కుదురుగా నిలవదు. స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు కొట్టుకుంటుంది, కుదుపంతా కూర్చున్నవాళ్ళ కడుపులోకి వస్తుంది. సరైన స్ప్రింగులు తెప్పించాను. డ్యాంపర్లు, అంటే స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా పట్టి ఉంచే గొట్టాలు, కొత్తవి వేశాను. బ్రేక్ ఫ్లూయిడ్ నల్లబడి తేమ పట్టి ఉంది. అలాంటిది ఘాట్‌లో వేడెక్కితే పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. అది మార్చాను. సైలెన్సర్ కంపెనీ వేసినదే బిగించాను, లేకపోతే అలిపిరి చెక్‌పోస్టు దాటనివ్వరేమోనని నా భయం.

తర్వాత గేరు కడ్డీ. దానికి పాత యజమాని షార్ట్ షిఫ్టర్ వేయించాడు. కడ్డీ పొట్టిగా ఉండి, కొంచెం కదిపితే చాలు గేరు పడే ఏర్పాటు అది. చూడ్డానికి సోకుగా ఉంటుంది. అయితే దూరం తగ్గిన కొద్దీ బలం ఎక్కువ పెట్టాలి. హేమలత చేతికి కావలసింది సరిగ్గా దానికి తలకిందులు. నేను దాన్ని పీకేసి పొడుగు కడ్డీ వేశాను. పైభాగం ఆమె వైపుకు కాస్త వంచాను. గుండ్రటి బంతి తీసేసి, నైలాన్ దిమ్మను లేత్ మీద తిప్పి నిలువు పిడి చేయించాను. అరచేయి తిప్పనవసరం లేకుండా, అరచేతి అంచుతో పిడిని ఎడమకు తోసి, వేళ్ళు కొక్కెంలా వేసి వెనక్కి లాగవచ్చు. మొదటిసారి చేసిన కడ్డీ మరీ పొడుగై, స్టీరింగ్ తిప్పేటప్పుడు ఆమె వేళ్ళకు తగిలింది. కోసి మళ్ళీ చేశాను. మూడోసారికి కుదిరింది.

ఆ రోజు హేమలత షెడ్డులోనే కారులో కూర్చుని, ఇంజను వేయకుండా మూడు నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు మార్చుతూ కూర్చుంది. నేను భోజనం చేసి వచ్చేదాకా అదే పని. ముఖం వెలిగిపోతోంది. ఇక పని అయిపోయిందనే అనుకున్నాను.

కాలేదు. పూతలపట్టు దారిలో అమ్ముడుపోని ప్లాట్ల లేఅవుట్ ఒకటి ఉంది. తారు రోడ్లు, మలుపులు అన్నీ ఉన్నాయి, ఇళ్ళే లేవు. యజమాని నాకు తెలిసినవాడు కాబట్టి ఆదివారాలు అక్కడ నేర్పించడం మొదలుపెట్టాను. గేరు పడుతోంది. అయినా నా కడుపు తిప్పుతూనే ఉంది. కారణం చేయి కాదని అప్పుడు అర్థమైంది. మలుపు కనబడగానే ఆమె అన్నీ ఒకేసారి చేస్తోంది. బ్రేకు మీద కాలుంది, గేరు మారుతోంది, స్టీరింగూ తిరుగుతోంది. బండి ముందుకు వంగుతూనే పక్కకు ఒరుగుతుంది. కడుపు తిప్పేది ఆ రెండూ కలిసినప్పుడే.

దాన్ని విడదీసి చెప్పాను. రోడ్డు తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించు. తర్వాత రెవ్ మ్యాచింగ్ చెయ్యి, అంటే క్లచ్ తొక్కి ఉండగానే యాక్సిలరేటర్ చిన్నగా తట్టి, ఇంజను వేగాన్ని కింది గేరుకు సరిపడేలా పెంచు. అప్పుడు రెండో గేరు కుదుపు లేకుండా కూర్చుంటుంది. ఆ తర్వాతే తిప్పు. నోటితో చెప్పమంటే ఆమెకు వెంటనే వచ్చేసింది. మలుపు దగ్గర మళ్ళీ అదే ఆత్రం. మూడో ఆదివారం నా ఓపిక అయిపోయింది.

"కట్టు అతుక్కోకముందే విప్పేసినావు. ఈడ వేగం తగ్గకముందే తిప్పతా ఉండావు. రెండూ ఒకటే జబ్బు నీకు," అన్నాను.

ఆమె కారు ఆపింది. ఇంజను కూడా ఆపేసి, దిగి, రోడ్డు పక్కన వెనక్కి తిరిగి నిలబడింది. నేనూ దిగాను. అనకూడని మాట అన్నానా అని నాకు భయమేసింది. కారు ఎక్కి వెళ్ళిపోతుందేమో, అలా వెళ్ళిపోతే ఇంటికి ఎలా చేరాలా అని కూడా ఆలోచించాను. కాసేపటికి ముఖం తుడుచుకుని వచ్చి సీట్లో కూర్చుంది.

"ఎక్కన్నా. ఇంగోతూరి."

ఆ తర్వాత ఆమె నా మాటల కోసం చూడలేదు. తనకు తానే చెప్పుకుంటూ నడిపేది. "తగ్గించు. ఆగు. గేరు. ఇప్పుడు తిప్పు." ఆ "ఆగు" ఆమె సొంతంగా చేర్చుకున్నది. లేఅవుట్ అయ్యాక మొగిలి ఘాట్, లారీల వెనుక ఓపికగా. సీజన్‌లో లారీలను వరసలో నడిపించిన మనిషి, పట్టు పట్టిందంటే వదలదు. కార్తీకం వచ్చేసరికి నేను పక్కన కూర్చుని ఫోను చూసుకోగలిగాను.

కొండకు వెళ్ళిన రోజు కారులో మూడో సీటు లేదు కాబట్టి నేను మునిరత్నం పెద్ద కారులో వెనుక వెళ్ళాను. అలిపిరి తనిఖీలో దిగిన రెడ్డెమ్మను మళ్ళీ ఎర్ర కారులో కూర్చోబెట్టడానికే కొంత సమయం పట్టింది.

"ఇదేం కారే, చాప మీద కూసున్నట్టుండాది," అంది. ఒడిలో కవరు, చేతిలో నిమ్మకాయ.

ఎక్కుడు సాఫీగా గడిచింది. అసలు పరీక్ష దిగుడు. దిగే దారి పాతది, మలుపులు ఎక్కువ. పైగా కొండ మీద వేగంగా దిగితే కింద పట్టుకుని జరిమానా వేస్తారు. స్పోర్ట్స్ కారుకు అక్కడ వేగంతో పనే లేదు. నేను ముందు వెళ్ళే కారు బ్రేక్ లైట్లనే చూస్తూ కూర్చున్నాను. లైటు మలుపుకు చాలా ముందే వెలిగింది, మలుపు మొదలయ్యేలోగా ఆరిపోయింది. కారు ముక్కు వంగలేదు. రెండో గేరు పడిందని దాన్నిబట్టి తెలిసింది. ప్రతి మలుపుకూ అంతే. ఒకచోట ముందు వెళ్ళే బస్సు మలుపులోనే ఆగిపోయింది. ఎర్ర లైటు వెలిగి, కారు నిదానంగా బస్సు వెనుక బాగా ఎడం ఉంచి నిలబడింది. లోపల ఇద్దరి తలలూ కదలలేదు.

మునిరత్నం మాత్రం ప్రతి మలుపులో బ్రేకు తొక్కుతూ తిప్పుతున్నాడు. కాలిన వాసన వచ్చింది. నేను కిటికీ దించుకున్నాను. సగం దారి తర్వాత తల బయటికి పెట్టుకుని కూర్చున్నాను.

కింద ఇద్దరూ కార్లు ఆపారు. హేమలత స్టీరింగ్ వదలకుండా అలాగే కూర్చుంది. మునిరత్నం దిగి తల్లి వైపు తలుపు తీశాడు. రెడ్డెమ్మ ఒడిలో లడ్డూల సంచి, దాని మీద మడత విప్పని కవరు.

"ఎట్లుండాదమ్మా?" అన్నాడు.

"ఎట్లుండేదేందిరా. మాట్లాడుకుంటా వచ్చినాం. కొండ దిగినామని కోడలు చెప్తేనే తెలిసింది."

కొడుకు చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. నా ముఖం చూసి ఆగింది. పాలిపోయి ఉన్నట్టున్నాను. దగ్గరికి వచ్చి, తన చేతిలోని నిమ్మకాయ నా చేతిలో పెట్టింది.

"వాసన సూడు నాయనా. పొయ్యేటప్పుడు మా కోడలి కారెక్కు."

హేమలత అప్పుడు ఏడ్చింది, నవ్వుతూనే. మునిరత్నం ఫోను తీసి, బెంగళూరు మనిషికి కారు అమ్మేది లేదని చెప్పాడు.

ఆమె మణికట్టు ఇప్పటికీ తిరగదు. నేను చేసిన కడ్డీతో సగం పనే అయింది. మిగతా సగం, మలుపుకు ముందు ఆ కాస్త ఆగడంలో ఉందని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కారు నడపడం బాగా వచ్చిందో లేదో చెప్పవలసింది మీటరు కాదు, పక్క సీట్లో మనిషి. అందుకే ఇప్పుడు శబ్దం పెంచమని వచ్చేవాళ్ళను తిట్టడం మానేశాను. ఒక్క మాటే అడుగుతున్నాను: "మీ అమ్మను ఎక్కించుకుని కొండ దిగినావా?"