అత్తమ్మ పాటలో వాడని ముక్కలు

ముందు పళ్ళు నాలుగు తీసెయ్యాలని నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని పళ్ళ డాక్టరు చెప్పినప్పుడు మా అత్తమ్మ నొప్పి గురించి అడగలేదు. "పండ్లు వీకినంక పాట ఎట్ల వస్తది సారూ?" అంది. ఆయన నవ్వి, కట్టుడు పళ్ళు పెట్టుకుంటే మునుపటికన్నా అందంగా కనిపిస్తారన్నాడు.

"అందం ఎవలిగ్గావాలె? నేనడిగింది పాట ముచ్చట," అని అత్తమ్మ నావైపు తిరిగింది. "ఈ సారును చెవులు గుడ సూపిచ్చుకోమను."

ఎడపల్లి చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో ఆమె పాట ఎత్తకపోతే బంతికి రుచి ఉండేది కాదు. మగపెళ్ళివాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చోగానే ఆడపెళ్ళివాళ్ళు వాళ్ళని పాటలో తిట్టాలి. అది మర్యాద. తిట్టకపోతేనే అలుగుతారు. కొందరిది అందె వేసిన చెయ్యి అంటారు, మా అత్తమ్మది అందె వేసిన నోరు. ఆ పళ్ళు పోయేలోపల ఆ పాట ఒక్కటైనా రికార్డు చేయించాలని నేను పూనుకున్నాను. నేను పూనుకుంటే ఎట్లా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ తోడు రాలేదు.

నిజామాబాద్‌లో ఒక ఫోటో స్టూడియో వెనక గది దొరికింది. చప్పుడు మింగడానికి గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి. అక్కడ రికార్డింగు చేసే భాయ్ బట్టల దుకాణాల ప్రచారానికి, ఎన్నికల ఆటోలకు గొంతులు పట్టి పట్టి అలసిపోయిన మనిషి. వంత పాడటానికి ఊరినుంచి ముగ్గురు అక్కలొచ్చారు. వాళ్ళు తాళానికి చప్పట్లు కొట్టగానే గాజులు గలగలమన్నాయి. భాయ్ చెవులమీది హెడ్‌ఫోన్ తీసి, "మేడం, గాజులు" అన్నాడు.

తీసి పక్కన పెట్టమన్నాను.

"మొగడు బతికుండంగ గాజులెట్ల దీస్తం చెల్లె? నువ్వు దీస్తవా?" అని ముగ్గురూ ఒక్కసారే లేచారు.

నేను ఊరుకునే మనిషిని కాదు, వాళ్ళూ కాదు. అరగంట తర్వాత రాజీ కుదిరింది. ముగ్గురి మణికట్లకూ తువ్వాలలు చుట్టించాను. ఎముకలు విరిగి ఆసుపత్రి వరండాలో వరుసగా కూర్చున్నవాళ్ళలా ఉన్నారు. గాజులు ఆగాయి, ఆ మూటలతో చేతులు కలవక చప్పట్లూ ఆగాయి. చప్పట్లు లేని పాట కుంటింది.

ఇంకో చిక్కు అత్తమ్మతో. ఎత్తిన పాట నడుమ ఆపకూడదని ఆమె పట్టింపు. మాట తప్పినా, దగ్గు వచ్చినా, భాయ్ రెండు చేతులూ ఊపి ఆపమన్నా, పాటను చివరిదాకా పాడి దించితేగాని ఊరుకోదు. ఒక్కసారి పాడితే ఎనిమిది నిమిషాలు. రెండు రోజుల్లో ఇరవై ఆరు సార్లు పాడింది. మూడో రోజు పళ్ళు పోయాయి.

వారం తర్వాత భాయ్ ఫోన్ చేశాడు. "మేడం, మంచి మంచి ముక్కలు ఏరి పాట కలిపిన. వాడని క్లిప్పులు మస్తు మిగిలినయి. సిస్టం కదుల్తలేదు. ఒక్క బటన్ నొక్కితె అన్ని వోతయి. మీరొచ్చి విని సరే అంటె నొక్కుత."

అత్తమ్మను వెంటబెట్టుకొని వెళ్ళాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని కూర్చుంది. భాయ్ తాను కలిపిన పాట వినిపించాడు. దగ్గు లేదు, తప్పు లేదు, గాజు చప్పుడు లేదు. ఇస్త్రీ చేసినట్టుంది.

"మంచిగనే ఉంది," అంది అత్తమ్మ. "ఎవలు వాడిన్రు?"

"నువ్వే గదా అత్తమ్మా!"

"నేను గిట్ల పాడితె మగపెండ్లోళ్ళు బంతిలనే నిద్రవోతరు."

దాంతో నాకు ఆ బటన్ మీద అనుమానం పుట్టింది. టమాటలు కూడా తిప్పి చూడకుండా కొనను. "అన్నీ వినిపియ్యి భాయ్, తర్వాత తీసేద్దువు."

"ఇరవై ఆరు మేడం! ఒక్కోటి ఎనిమిది నిమిషాలు!"

"నాకు ఎక్కం రాదనుకున్నవా?"

భాయ్ నిట్టూర్చి మొదలుపెట్టాడు. తెరమీద నీలం పట్టీలు ఒకదానికింద ఒకటి పేర్చి ఉన్నాయి, ఒక్కో పట్టీ ఒక్కోసారి పాడిన పాట. వింటున్నకొద్దీ నాకు చెమటలు పట్టాయి. వాటిలో పాటకన్నా నేనే ఎక్కువున్నాను. "ఫ్యాన్ బంద్ జెయ్యున్రి!" "అక్కా, మైకును మింగుతవా ఏంది?" "చాయ్ ఇప్పుడెవరు తెమ్మన్నరు?" మూలన కుర్చీలో కూర్చున్నదాన్ని అన్ని మైకుల్లోనూ పడ్డాను.

"మీ వాయిస్ చాలా క్లియర్‌గ వచ్చింది మేడం," అన్నాడు భాయ్, తెర మీదినుంచి చూపు తిప్పకుండా.

పదకొండో పట్టీ మొదలైంది. ఎవరో తువ్వాలలు విప్పేసినట్టున్నారు. చప్పట్లు పడుతున్నాయి, గాజులు మోగుతున్నాయి, అత్తమ్మ ఎత్తిన మాట నేలమీద పడకముందే వంత అందుకుంటోంది. ఇన్నిసార్లలో ఇదే అసలు పాట. నేను కుర్చీలో ముందుకు జరిగాను. సరిగ్గా అప్పుడే నా గొంతు: "ఏయ్, తువ్వాలలు ఎవలిప్పిన్రు? చెప్తె సమజ్‌గాదా?"

అత్తమ్మ ఆపలేదు. ఆమె ఎందుకు ఆపుతుంది? అదే రాగంలో, ఊపిరి కూడా మార్చకుండా నన్నే పాటలోకి లాగింది.

"సదువులమ్మ కోడలొచ్చె సూడో వియ్యంకా
సప్పట్లకు సంకెలేసె సూడో వియ్యంకా
తన నోటికి తాళమెయ్య మరిసె సూడో వియ్యంకా!"

ముగ్గురక్కలూ పగలబడి నవ్వుతూ వంత పాడారు. ఆ వెనకే నేను భాయ్‌తో కొట్లాడుతున్నది వినిపించింది. ఆ లొల్లిలోపడి, నన్ను తిట్టిన పాట నాకే వినబడలేదన్నమాట!

భాయ్ తల దించుకున్నాడుగానీ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్న అత్తమ్మ నోటిమీది కొంగు ఎప్పుడో జారిపోయింది.

"ఇదేందత్తమ్మా?"

"పాడేటప్పుడు ముంగట ఎవలుంటె వాళ్ళే పాటలకొస్తరు బిడ్డా. వియ్యంకులు లేకుండె. నువ్వుంటివి."

"భాయ్, నా గొంతు, ఈ మూడు ముక్కలు తీసేసి మిగతాది ఉంచరాదా?"

"అన్ని గొంతులు ఒకదాన్లొకటి కలిసిపోయినయి మేడం. మీ లొల్లి తీస్తె ఆమె పాట తెగుతది. ఉంచితె మొత్తం ఉంచాలె, లేకుంటె నేను కలిపిందే."

ఈ పాట ఒక్క ఫోన్‌లోకి పోతే చాలు, తెల్లారేసరికి ఎడపల్లి నుంచి మోస్రా దాకా తిరుగుతుంది. ఇక ఏ పెళ్ళికి పోయినా బంతిలో నన్ను చూసి గుసగుసలే. వద్దనడానికి నా దగ్గర కనీసం ఆరు కారణాలున్నాయి, మొదటిది చెప్పబోయాను.

అత్తమ్మ నవ్వు ఆపేసింది. "నీకు నామోషైతె తీసెయ్యి బిడ్డా. గని మల్లొకపారి పాడుమనకు. నిన్న తానం జేసుకుంట పాడి సూసిన. గాలే వస్తున్నది."

ఆ ఆరు కారణాలూ మింగేశాను. మా ఇంటివాళ్ళకి చెబితే నమ్మరు.

"ఇది ఉంచు భాయ్. మిగిలినయి తీసెయ్. నువ్వు కలిపింది గుడ."

"అరె మేడం! మూడు రోజుల మెహనత్ అది!"

"మెహనత్ కనిపిస్తుంది. పాటే కనిపిస్తలేదు."

మిగిలిన పదిహేనూ విన్నాకనే నొక్కనిచ్చాను, మాట మీద నిలబడాలి కదా. పట్టీలన్నీ ఒక్కసారే మాయమై, తెరమీద ఒక్కటి మిగిలింది. రెండు రోజులు నేను అరిచిన అరుపుల్లో పనికొచ్చే సలహాలు కూడా కొన్ని ఉన్నాయని గొణిగాను.

"ఏవి?" అంది అత్తమ్మ.

"ఫ్యాన్ బంద్ జెయ్యమన్నది," అన్నాను.

భాయ్ మిగిలిన పట్టీని మళ్ళీ పెట్టాడు. అత్తమ్మ పెదాలు పాటతోపాటు కదిలాయి, గొంతు రాలేదు. చెయ్యి మాత్రం తొడమీద తాళం తప్పలేదు. నా అరుపు రాబోయే చోట భాయ్ మర్యాదగా సౌండు తగ్గించబోయాడు.

"తగ్గియ్యకు భాయ్," అని అత్తమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "గామె అరువకపోతె, నేనెందుకు తిట్టినట్టు?"