నర్సయ్య కాపలా కాసిన రన్‌వే

నర్సయ్య సంగతి చెప్పాలంటే ముందు నన్ను నేనే తిట్టుకోవాలి. మా మున్సిపాలిటీలో పందొమ్మిదేళ్లుగా ఫైళ్లు నడుపుతున్నదాన్ని నేనే. మిర్యాలగూడ నుంచి గరిడేపల్లి వైపు పోతుంటే వరి పొలాల మధ్య కిలోమీటరు పొడవున ఒక పాత రన్‌వే ఉంటుంది. దానికి కొత్త కంచె కావాలనీ, పగుళ్లు పూడ్చాలనీ, వైర్‌లెస్ సెట్టూ మంటలార్పే బండీ ఇవ్వాలనీ ఏటా హైదరాబాద్‌కు ప్రతిపాదన రాసి పంపింది కూడా ఈ వనితే. ఏటా అది వెళ్లేది, అక్కడే ఏదో బీరువాలో పడుకునేది. ఆ రన్‌వేకు ఉన్న ఒకే ఒక్క వాచ్‌మన్ నర్సయ్య.

ఆయన డ్యూటీలో చేరడానికి రెండేళ్ల ముందు అక్కడ చివరి విమానం దిగిందట. రేపో మాపో ఇంకొకటి వస్తుంది, జాగ్రత్తగా చూసుకో అని అప్పటి ఆఫీసరు గేటు తాళం చేతిలో పెట్టాడు. ఆ రేపో మాపో ముప్పై ఒక్క ఏళ్లు సాగింది. అన్నేళ్లూ ఈ మనిషి పొద్దున్నే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడుస్తూ రాళ్లేరాడు. మేకల్ని తోలాడు. గాలి ఎటు వీస్తుందో చూపించే గుడ్డ సంచి చిరిగిపోతే ఆఫీసు కొత్తది ఇవ్వలేదు. ఆయన భార్య రూతమ్మ తన నారింజ రంగు లంగా కత్తిరించి కుట్టిచ్చింది.

"మా ఆమె లంగనే మేడమ్, సర్కారు పరువు నిలవెడుతున్నది" అని మా సెక్షనంతా వినేట్టు చెప్పి నవ్వించాడు. నేనూ నవ్వాను. నవ్వానే గానీ ఆ సంచి కోసం ఇంకో ఉత్తరం రాయలేదు. సిగ్గులేని దాన్ని.

ప్రతి నెలా మొదటి తారీఖున వచ్చి నా టేబుల్ ముందు నిలబడేవాడు.

"గీసారన్న మంజూరైతదా మేడమ్?"

"అయితే నీకు చెప్పకుండా నేనే విమానమెక్కి పోతానా నర్సయ్యా?"

"పోండ్రి మేడమ్, మంచిదే గదా. మన రన్‌వే మీదికెళ్లే పోతరు. నేను జర సూస్త."

ఆ ఆశ చూస్తే నాకు ఒళ్లు మండేది. ఏ బస్టాండులోనో, వాటర్ ట్యాంకు దగ్గరో డ్యూటీ వేయిస్తానంటే వద్దనేవాడు. విమానం దిగుతుంటే చూడాలి, అంతే. తన రన్‌వే మీద, తను ఏరిన నేల మీద. ఇంకో కోరిక ఆ మనిషికి ఉన్నట్టు నేను వినలేదు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఎలా కదిలిందో గానీ ఫైలు కదిలింది. తనిఖీ బృందం చిన్న విమానంలో వచ్చి రన్‌వే మీద దిగి చూస్తుందట. దిగగలిగితే నిధులు, లేకపోతే ఫైలు మూత. ఏప్రిల్ చివరి శుక్రవారం, పదకొండు గంటలకు. నర్సయ్య రిటైర్మెంటు మే నెలాఖరున. ఈ మాట చెప్పగానే ఆయన కుర్చీ కోసం వెతుక్కుని కూర్చున్నాడు. నా ముందు ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

అయితే ఒక చిక్కుంది. ఏప్రిల్ అంటే యాసంగి కోతలు. కాలువ కింద ఊళ్లన్నిటికీ వడ్లు ఆరబోసుకోవడానికి అంత చదునైన నేల ఇంకెక్కడా లేదు. ఏటా కోతలప్పుడు నర్సయ్య గేటు తీసేవాడు, రన్‌వే అంతా వడ్లే. ఈసారి మోపెడ్ వేసుకుని ఊరూరా తిరిగాడు. "గీ ఒక్క యాడాది నాకు ఇడిసిపెట్టుండ్రి, మీ కాళ్లు మొక్కుత" అని బతిమాలాడు. సరేనన్నారు. అనడమే కాదు, కొందరు వచ్చి రన్‌వే ఊడ్చి పెట్టారు కూడా.

బుధవారం గాలివాన. గురువారం మళ్లీ వాన. కొనుగోలు కేంద్రంలో పోసిన కుప్పలన్నీ నీళ్లల్లో నిలబడ్డాయి. శుక్రవారం పొద్దున మాత్రం ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. ఆరు గంటలకు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. అందరికంటే ముందు సోమమ్మ ఉంది. మూడెకరాలు కౌలుకు చేసుకునే మనిషి. అక్కడ ఏం జరిగిందో తర్వాత ఆమే నాకు చెప్పింది.

"నర్సన్నా, నీకు మాటిచ్చిన. కాదంటలేను. గని గిటు సూడు" అని కొంగులో తెచ్చిన గుప్పెడు వడ్లు చూపించిందట. మొలక తెల్లగా పైకొస్తోంది. "ఇయ్యాల ఎండకపోతే మిల్లోడు ముట్టడు. కౌలు చేను అన్నా, నాకింకేం లేదు. నువ్వొద్దంటే మర్లి పోత."

వద్దంటే నిజంగానే మర్లిపోయేది ఆమె. ఆమె తిట్టే మనిషైతే నర్సయ్య కూడా తిట్టి పంపేవాడేమో. ఆయన తాళం తీశాడు. పదిన్నరకల్లా ఎత్తేస్తామని వాళ్లన్నారు. తడి వడ్లు నాలుగు గంటల్లో ఆరవని ఆ మనిషికి తెలియదా? తెలుసు. వరి పొలాల మధ్య పుట్టి పెరిగినవాడు.

పదింపావుకు మేం దండలు, కొబ్బరిబోండాలు పట్టుకుని జీపులో దిగాం. రన్‌వే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వడ్లు. ఆడవాళ్లు కాళ్లతో తిరగేస్తున్నారు.

"ఎవడయ్యా గేటు తీసింది?" అని మా కమిషనర్ అరిచాడు.

"నేనే సార్."

ఇంకేముంది! కమిషనర్ ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. విమానం బయల్దేరిపోయిందన్నారు. పైలట్‌కు ఇక్కడి నుంచి చెప్పే దారి లేదు. వైర్‌లెస్ సెట్టు ఇంకా నా ఫైల్లోనే ఉంది. రైతులు గాభరాపడి పారలతో కుప్పలు చేయబోయారు. "కుప్పలు చేయకుండ్రి, తగిలితే విమానం తల్కిందులైతది! అందరు పక్కకు జరుగుండ్రి" అని నర్సయ్య కేకలేసి పడమటి చివరకు ఉరికాడు. అరవై ఏళ్ల మనిషి అంత జోరుగా ఉరకడం నేనెన్నడూ చూడలేదు.

సూర్యాపేట వైపు నుంచి వచ్చింది విమానం. తెల్లగా, మా జీపుకంటే కాస్త పెద్దదంతే. ఊరి మీద ఒక చుట్టు తిరిగి, పడమటి నుంచి తిన్నగా రన్‌వేకు ఎదురుగా కిందికి దిగసాగింది. నర్సయ్య భుజం మీది ఎర్ర తువ్వాల తీసి రెండు చేతులతో ఊపాడు. గొంతు చించుకుని అరిచాడు, అది వినపడదని తెలిసీ. తాటిచెట్టంత ఎత్తు దాకా వచ్చిన విమానం ఒక్కసారి రొద చేసి పైకి లేచింది. రెండోసారి వచ్చింది. రెండోసారీ ఊపాడు. అది అటునుంచి అటే హైదరాబాద్ దారి పట్టింది. "ఇక ఆ ఫైలు మూసేయండి వనితా" అని కమిషనర్ జీపెక్కాడు.

నా నోరు మంచిది కాదు. తిడదామనే వెళ్లాను. నర్సయ్య రన్‌వే అంచున వడ్లు తొక్కకుండా కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. సోమమ్మ పక్కన నిలబడి ఏడుస్తోంది. "ఊకో చెల్లె, నీయి ఆరుతున్నయి గదా" అంటున్నాడు ఆమెతో. నన్ను చూసి లేవబోయాడు. నేనే పక్కన కూర్చున్నాను.

"చక్రాలు కనవడ్డయి మేడమ్. లోపల మనిషి గూడ కనవడ్డడు, నల్లద్దాలు వెట్టుకున్నడు. గంత దగ్గరికొచ్చింది" అన్నాడు. అంతవరకు బాగానే చెప్పాడు. తర్వాత ఆ ఎర్ర తువ్వాలతోనే మొహం తుడుచుకున్నాడు.

"ముప్పై ఒక్క ఏండ్లు రా రా అని సూసిన మేడమ్. వచ్చినంక, పో అని నేనే ఊపిన."